నాన్న పోయాక పోడు పట్టా ఎవరిది? ముందు అమ్మ పేరు ఉందేమో చూడండి

ఏజెన్సీలో మీ నాన్నగారి పేరున పోడు పట్టా (అడవి భూమి సాగు హక్కు పత్రం) ఉందనీ, ఆయన పోయాక పెట్టుబడి సాయం ఆగిపోయిందనీ, బ్యాంకు కొత్త పంట రుణం ఇవ్వనంటోందనీ రాశారు. తహసీల్దారు ఆఫీసువాళ్లు అటవీ శాఖకు వెళ్లమంటే, వాళ్లు మళ్లీ తహసీల్దారు దగ్గరికే పంపుతున్నారన్నారు. ఉట్నూరు వైపు మా మేనమామ పోయినప్పుడు మా అత్తకూ ఇదే జరిగింది. కాగితాల సంచీ పట్టుకుని ఆమె వెంట తిరిగింది నేనే కాబట్టి చెబుతున్నాను.

ముందు పట్టా బయటికి తీయండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారికి ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. మా అత్తవాళ్ల పట్టా మీద ఇద్దరి ఫొటో ఉంది, మామ పేరు కింద ఆమె పేరూ ఉంది. కానీ కంప్యూటర్లో మామ పేరొక్కటే ఎక్కించారు. ఆయన పోగానే ఆ భూమికి హక్కుదారే లేనట్టు మాట్లాడారు. మీ అమ్మగారి పేరు పట్టాలో ఉంటే వారసత్వం కింద పేరు మార్చమని అడగకండి. ఆమె ఇప్పటికే హక్కుదారు, ఆ పేరు ఆన్‌లైన్లో ఎక్కించమని అడగండి. మొదటిదానికి విచారణ, పంచనామా అంటూ నెలలు గడిపేస్తారు. రెండోది వాళ్లు వదిలేసిన పని.

ఆమె పేరు లేకపోయినా దిగులు పడనక్కర్లేదు. ఈ హక్కు వారసులకు వస్తుందని చట్టంలో స్పష్టంగా ఉంది. అమ్మడానికి మాత్రం వీల్లేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసులెవరో చెప్పే గ్రామసభ తీర్మానం జతచేసి ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి పేరున అర్జీ రాయండి. పోడు పట్టా రెవెన్యూ పట్టా లాంటిది కాదు, భూమి అటవీ శాఖ రికార్డులోనే ఉంటుంది, సాగు హక్కు మీది. అందుకే ఆ రెండు ఆఫీసులూ మిమ్మల్ని ఒకరి మీదికి ఒకరు నెడుతున్నాయి. అర్జీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోకుండా ఆఫీసు గడప దాటకండి. నోటితో చెప్పినది అక్కడ ఎవరికీ గుర్తుండదు. (1940లో గోండు వీరుడు కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతోనే నాగోబా జాతరలో దర్బారు మొదలైంది, అధికారులే గిరిజనుల దగ్గరికి వచ్చి గోడు వినాలని. ఇప్పుడు అర్జీ పట్టుకుని మనమే వాళ్ల చుట్టూ తిరుగుతున్నాం.)

రైతు బీమా సంగతి వెంటనే కనుక్కోండి. మీ నాన్నగారికి 59 ఏళ్లు దాటకపోయి, ఆయన పేరు నమోదై ఉంటే నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. దీనికి మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి. మాకైతే అది దక్కలేదు. మామకు యాభై దాటి ఎంతో కాలం కాలేదు, కానీ ఆధార్ తీసినప్పుడు పుట్టిన తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి 1 వేసి, సంవత్సరం మనిషిని చూసి అంచనాగా రాసేశారు. ఆ లెక్కన ఆయన పథకం వయసు దాటిపోయాడు. ఎండలో పనిచేసిన ముఖం చూసి వయసు కడితే ఇంకేమవుతుంది! పోయినవారి ఆధార్ దిద్దించలేం. మీ అమ్మగారిదీ మీదీ మాత్రం ఇప్పుడే సరిచూసుకోండి. పట్టాలో ‘రావు’, బ్యాంకు పుస్తకంలో ‘రావ్’ ఉన్నా డబ్బు ఆగుతుంది.

మీరు అడగని విషయం ఒకటి. పత్తి విత్తనాలు, మందులు అప్పుగా ఇచ్చిన వ్యాపారి దగ్గర అసలు పట్టా ఉంటే అది వెనక్కి తెచ్చుకోండి. మా అత్త పట్టా కొన్నాళ్లు అలాగే ఒక కొట్టు బీరువాలో ఉంది. ఈ హక్కు తాకట్టు పెట్టేది కాదు. పైగా ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం చేయాలంటే 1960 నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఈ మాట ఊరి పెద్దల ముందు అనేసరికి ఆ వ్యాపారి మారు మాట్లాడకుండా పట్టా తెచ్చి ఇచ్చాడు. అప్పు మాత్రం అప్పే, పత్తి అమ్మాక అత్త తీర్చింది.

ఐటీడీఏలోనూ కదలిక లేకపోతే 15100కు ఫోను చేయండి. అది న్యాయ సేవాధికార సంస్థది. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మా అర్జీకి జవాబు వచ్చింది ఆ వకీలు ఉత్తరం రాశాకే.