ఫోటోని అక్షరాల బొమ్మగా మారిస్తే ముఖం ఎందుకు సాగిపోతోంది?

మీరు అడిగినవి మూడు: పైథాన్‌తో ఫోటోని అక్షరాల బొమ్మ చేస్తే ముఖం నిలువుగా ఎందుకు సాగుతోంది, నెగటివ్‌లా ఎందుకొస్తోంది, @ # బదులు తెలుగు అక్షరాలు పెట్టొచ్చా అని. మూడూ నేను పడి లేచిన గోతులే.

మాది పర్లాకిమిడి. మా బావ హార్డ్‌వేర్ కొట్లో బిల్లులు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంది. మామ్మ ఫోటోని దాని మీద కొట్టి ఆవిడకే చూపిద్దామని సరదా పుట్టింది. కోడ్ ఇరవై లైన్లు కూడా లేదు. పిల్లో అనే పైథాన్ లైబ్రరీతో ఫోటో తెరిచి, చిన్నది చేసి, ‘ఎల్’ మోడ్‌లోకి, అంటే రంగుల్లేని బూడిద ఛాయల్లోకి మార్చాలి. ఎరుపు 29.9, ఆకుపచ్చ 58.7, నీలం 11.4 శాతం చొప్పున కలిసి ప్రతి చుక్కకీ 0 నుంచి 255 లోపు ఒక అంకె వస్తుంది. దాన్ని 10తో గుణించి 256తో భాగించి పూర్ణాంకం తీసుకుంటే (0 అంటే మొదటిది), @%#*+=-:. అనే వరసలో (చివర ఖాళీతో కలిపి పది) ఎన్నో గుర్తు పెట్టాలో తేలిపోతుంది.

సాగడానికి కారణం, అక్షరం గడి చతురస్రం కాదు. టెర్మినల్‌లో (కోడ్ ఫలితం అక్షరాల్లో చూపే తెర) గడి ఎత్తు వెడల్పుకి సుమారు రెట్టింపు, కాబట్టి వరసల లెక్కని 0.5తో గుణించండి. నేనదే లెక్క ప్రింటర్‌కీ వాడాను, మామ్మ ముఖం గుమ్మడికాయలా వచ్చింది! ప్రింటర్ అడ్డంగా అంగుళానికి 10 అక్షరాలు, నిలువుగా 6 వరసలు కొడుతుంది. అక్కడ 0.6 పెట్టాలి. 80 అక్షరాల వెడల్పున్న చతురస్రం ఫోటోకి 40 కాదు, 48 వరసలు.

నెగటివ్ సంగతి సులువే. నల్ల తెర మీద @ వెలుగు, తెల్ల కాగితం మీద అదే చీకటి. తెరకి గుర్తుల వరస తిరగేయండి, కాగితానికి అలాగే ఉంచండి.

మీరు అడక్కపోయినా, అసలు తంటా ఫోటోతోనే. మాది వెలిసిపోయిన స్టూడియో ఫోటో. అంకెలన్నీ 90, 180 మధ్యే ఉన్నాయి, అంటే పది గుర్తుల్లో అయిదే పనిచేశాయి. ముఖం, వెనక కర్టెన్ కలిసి ఒకటే బూడిద. ముఖం దాకా కత్తిరించి, ఆటోకాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా పెంచేది) పెట్టాక ముక్కుపుడక కూడా తేలింది.

కాగితం చేతికిస్తే మామ్మ, ‘ఇదేట్రా, చీమలు పట్టినట్టుంది’ అంది. నేను దూరంగా గుమ్మం దగ్గర నిలబడి చూపించాక నవ్వింది. 1966లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కెన్ నోల్టన్, లియాన్ హార్మన్ చేసిన గోడంత బొమ్మదీ ఇదే తీరు, దగ్గరగా చూస్తే చిన్నచిన్న గుర్తులే.

ఇక తెలుగు అక్షరాలు. నేనైతే వద్దంటాను. ‘మామ్మ’ మనకి రెండక్షరాలు, కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్‌లో అయిదు: మ, దీర్ఘం, మ, పొల్లు, మ. చుక్కకొకటి చొప్పున పేరిస్తే దీర్ఘాలూ పొల్లులూ తమ అక్షరం నుంచి విడిపోయిన చోట చుక్కల సున్నాలు కనిపిస్తాయి. ముందే గుణింతంతో సహా ముక్కలు చేసుకున్నా వెడల్పులు కలవవు, వరసలు వంకర పోతాయి. పైగా మన అక్షరాలన్నీ గుండ్రంగా ఇంచుమించు ఒకే నలుపు, ‘.’ గుర్తుకీ @కీ ఉన్నంత తేడా వాటిలో దొరకదు. మరీ ముచ్చటగా ఉంటే అక్షరాలన్నీ ఒకే సైజు గడుల్లో గీసి, నలుపు తగ్గించడం పెంచడం రంగుతో చేయండి. అది బొమ్మ ఫైలుగానే మిగులుతుంది, బావ ప్రింటర్‌కి ఎక్కదు.