మామోగ్రామ్‌లో ‘డెన్స్’ అని వచ్చింది.. క్యాన్సరేనా?

ప్రశ్న: మాది దేవరకొండ. నా వయసు 44. మా చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక, నాకు ఏ ఇబ్బందీ లేకపోయినా భయంతో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకున్నాను. రిపోర్టులో ‘బైరాడ్స్ 1, డెన్సిటీ సి’ అని రాశారు. డెన్స్ అంటే గడ్డ ఉన్నట్టేనని మా వదిన అంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి? - ఒక సోదరి

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. బైరాడ్స్ అంటే మామోగ్రామ్ ఫలితానికి వేసే అంకె. అది 1 అంటే ఫిల్మ్‌లో అనుమానించాల్సినదేమీ కనబడలేదని. డెన్సిటీ సంగతి వేరు. రొమ్ములో కొవ్వుతో పాటు పాల గ్రంథులు, పీచులాంటి కణజాలం ఉంటాయి. కొవ్వు తక్కువై, మిగతావి ఎక్కువగా ఉంటే డెన్స్ అంటాం. ఏ నుంచి డి దాకా నాలుగు రకాల్లో సి, డి ఈ కోవలోకి వస్తాయి. నలభై దాటిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి ఇలాగే ఉంటుంది. ఇది జబ్బు కాదు. చేత్తో నొక్కి చూస్తే తెలిసేదీ కాదు.

అలాగని ఆ మాటను వదిలేయమని చెప్పను. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, డెన్స్ కణజాలం తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. మీ వైపు పత్తి ఏరేటప్పుడు చూసే ఉంటారు. నల్లరేగడి మీద దూది పింజ పడితే దూరం నుంచే కనబడుతుంది. అదే పింజ పత్తి కుప్పలో పడితే ఎక్కడని వెతుకుతాం? పైగా డెన్స్ రొమ్ములో క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా మిగతావారికంటే కొంచెం ఎక్కువే.

అందుకే మీరు రొమ్ముకు అల్ట్రాసౌండ్ ఒకటి చేయించుకుంటే మంచిదని నా అభిప్రాయం. రేడియేషన్ ఉండదు, నల్గొండలోనే చేస్తారు. ఒక్కోసారి అపాయం లేని నీటి బుడగలు కూడా కనబడి, సూది పరీక్ష దాకా వెళ్లాల్సి రావచ్చు. అప్పుడు బెదిరిపోకండి. చిన్నమ్మకు ఏ వయసులో వచ్చిందో మీరు రాయలేదు. యాభై లోపే వచ్చినా, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకోండి. ఎంఆర్ఐ, జన్యు పరీక్ష అవసరమా అన్నది వాళ్లు తేలుస్తారు.

ఇంకో మాట. ఆ మధ్య ఒకామె కవర్‌లోంచి జాగ్రత్తగా మడిచిన నార్మల్ రిపోర్టు తీసి నా ముందు పెట్టింది. ఆ పరీక్ష తర్వాత స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. ‘రిపోర్టు బాగుంది కదా, నొప్పి కూడా లేదు’ అని నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. క్యాన్సర్ గడ్డకు మొదట్లో సాధారణంగా నొప్పి ఉండదమ్మా. రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, దానంతటదే రక్తం కారినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా వెంటనే చూపించుకోండి. నిన్న వచ్చిన రిపోర్టు నార్మల్ అయినా సరే.

మళ్లీ మామోగ్రామ్ ఏడాదికి తీయించుకోండి. నెలసరి వచ్చిన వారం తర్వాత వెళ్తే నొక్కినప్పుడు నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడర్ వద్దు. పాత ఫిల్మ్‌లు తప్పకుండా పట్టుకెళ్లండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కొత్తగా ఏం మారిందో తెలుస్తుంది. మీ వదినకు ముప్పై దాటి ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేత్తో చూసే రొమ్ము పరీక్ష ఉచితంగా చేస్తారు, ఆమెను అక్కడికి తీసుకెళ్లండి.