చెల్లెలు చేసిన ఆ సైగకు అర్థం ఏమిటి?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాము. మా చెల్లెలిది యలహంక. వీడియో కాల్ చేస్తే మరిది ఎప్పుడూ పక్కనే ఉంటాడు, స్పీకర్ తీయనివ్వడు. మొన్న మాట్లాడుతూ మాట్లాడుతూ అది అరచేయి నావైపు చూపి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా వేళ్లు దానిమీద మూసింది. ఇప్పుడే వెళ్లి మరిదిని నిలదీద్దామని మా వారు అంటున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు.

జవాబు: అమ్మా, ముందుగా మీ వారిని ఆపండి. కెనడియన్ ఉమెన్స్ ఫౌండేషన్ అనే సంస్థ 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వల్ల హింసించేవారితోనే ఇంట్లో చిక్కుకుపోయినవారు నోరు విప్పకుండా సాయం కోరడానికి ఈ సైగను ప్రచారంలోకి తెచ్చింది. నాకు ముప్పు రాకుండా నన్ను పలకరించు అని దాని భావం. మీ చెల్లెలు యథాలాపంగా చేయి ముడిచిందేమోనన్న అనుమానం మీకు వచ్చినా, నిజమని నమ్మి నడుచుకోవడమే మంచిది. అయితే మీరు వెళ్లి గొడవపడి తిరిగి వచ్చేశాక ఆ ఇంట్లో అతనితో మిగిలేది ఆమె ఒక్కతే. ఆపైన ఫోన్ కూడా ఆమె చేతిలో ఉండనివ్వకపోవచ్చు.

ఇలాంటి సైగ చూసినవారు ఫోన్ చేసి, అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నలు అడగాలని చెబుతారు. స్పీకర్‌లో అతను వింటున్నప్పుడు అది కుదరదు, మెసేజ్ పెడితే అతను చదవవచ్చు. కనుక అమ్మను కంటి డాక్టరుకు చూపించాలనో, శుభకార్యానికి చీరలు కొనాలనో, అతను కాదనలేని సాకు చెప్పి ఆమెను ఒంటరిగా కలవండి. కలిసినప్పుడు తీర్పులు చెప్పకుండా, ఆమె చెప్పినంత వినండి.

ఆ కలయికలోనే మీ ఇద్దరికి మాత్రమే తెలిసిన మాటలు రెండు అనుకోండి. చేతి సైగ వాట్సాప్‌లో అందరికీ చేరింది కాబట్టి అతనికీ తెలిసి ఉండవచ్చు. అందుకే దానిమీదే ఆధారపడవద్దని నా గట్టి అభిప్రాయం. ఎంచుకునే మాట రోజూ నోట వచ్చేది కాకూడదు, విన్నవారికి వింతగానూ తోచకూడదు. ఉదాహరణకు, చీరకు ఫాల్ కుట్టించాలి అంటే ఏదో ఒక నెపంతో ఈ రోజే రమ్మని, బ్లౌజు బిగుతయింది అంటే పోలీసులను పంపమని అర్థం పెట్టుకోవచ్చు. మాట కుదుర్చుకోవడం కంటే, అది వినగానే మీరు ఏం చేయాలో ముందే తేల్చుకోవడం ముఖ్యం, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించుకునే వ్యవధి మీకు ఉండదు.

రెండవ మాట వినపడితే 112కు మీరే ఫోన్ చేయండి. అపార్ట్‌మెంట్ పేరు, బ్లాకు, అంతస్తు, దగ్గరి గుర్తు ఇప్పుడే రాసి పెట్టుకోండి. కన్నడం తడబడినా చిరునామా తడబడకూడదు. ఆమె ఫోన్‌లో పవర్ బటన్‌ను వరుసగా నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే సదుపాయం ఉండవచ్చు. ఎన్నిసార్లు నొక్కాలన్నది ఫోన్‌ను బట్టి మారుతుంది, కొన్నింటిలో పెద్దగా అలారం మోగుతుంది. సెట్టింగుల్లో చూసి ఆ శబ్దం ఆపించండి. అంత అత్యవసరం కాని సలహాకు 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, నగర పోలీసు కమిషనర్ కార్యాలయంలో వనితా సహాయవాణి ఉంది.

పరాయి కాపురంలో వేలు పెట్టామన్న నింద వస్తుందని మీరు జంకనవసరం లేదు. 2005 నాటి గృహహింస చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారికి, తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై సివిల్‌గా గాని, క్రిమినల్‌గా గాని బాధ్యత ఉండదు. అదే చట్టంలోని 17వ సెక్షన్ కాపురం ఉంటున్న ఇంట్లో నివసించే హక్కును ఆమెకు ఇస్తుంది. ఇల్లు అతని పేరున ఉందనీ, ఎప్పుడైనా గెంటేస్తాననీ అతను బెదిరిస్తుంటే, ఈ సంగతి ఆమెకు తప్పక చెప్పండి.

ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లలుంటే వారి జనన ధ్రువపత్రాల నకళ్లు ఒక్కొక్కటిగా మీ ఇంటికి చేర్చమనండి. ఇప్పుడే వచ్చేయమని మాత్రం ఒత్తిడి చేయవద్దు. ఇల్లు విడిచే రోజులు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి కావచ్చు, ఆ రోజు ఎప్పుడో ఆమెకే బాగా తెలుస్తుంది. ఈలోగా ఆమె మనసు మార్చుకుని అంతా సర్దుకుందని చెప్పినా కోపగించుకోకుండా ఎప్పటిలాగే ఫోన్ చేస్తూ ఉండండి, ఆ రెండు మాటలనూ రద్దు చేయకండి.