మీ పెదనాన్న మెచ్చని కథ

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. కథ కంటే ఉత్తరమే పొడుగు. అందులో సగం మీ పెదనాన్నగారు ఏమన్నారో, మిగతా సగం కాలేజీ స్నేహితులు ఎలా నవ్వారో. కథ గురించి మాత్రం ఒక్క ముక్క రాశావు: "బాగుందో లేదో చెప్పండి."

చెప్పను. బాగుందంటే రేపట్నుంచి నాకు నచ్చేలా రాస్తావు. బాగోలేదంటే మానేస్తావు.

చదువుతుంటే ఏమైందో చెబుతాను. తెల్లవారుజామున కరెంటు పోయి, రొయ్యల చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి. రొయ్యలు ఊపిరందక నీళ్ళ మీదికి తేలుతుంటే, తండ్రి గట్టు మీద జనరేటర్ దగ్గరికి పరిగెడతాడు. అక్కడ నా కాఫీ చల్లారిపోయింది. తర్వాతి పేజీలో ఆయన చేత అప్పుల మీద ఉపన్యాసం ఇప్పించావు. అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ పేజీ పెదనాన్నగారి మెప్పు కోసం రాశావని నా అనుమానం. అయినా ఆయన మెచ్చుకోలేదు కదా!

"కథలు కూడు పెడతాయా?" అన్నారట. పెట్టవు. ఉద్యోగం మానకు, ఆ మాటకి జవాబూ వెతకకు. కానీ "ఇంటి గుట్టు వీధిలో పెట్టావు" అన్నది మాత్రం ఆలోచించాల్సిందే. కోనసీమ ఊళ్ళలో ఎవరి చెరువు ఏ కాలువ పక్కన ఉందో అందరికీ తెలుసు. కుటుంబాన్ని గోదావరి అవతలి గట్టుకి మార్చు, అప్పిచ్చిన మనిషి పోలికలు మార్చు. ఆ తండ్రి భయం జోలికి మాత్రం వెళ్ళకు.

యాస చూసి నవ్వారన్నావు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు పుట్టింది వేదం, సంస్కృతం చదువుకున్న ఇంట్లో. తెలుగులో రాయడమంటే ఆ ఇంట్లో చిన్నచూపు. అయినా ఆయన మన ఆడవాళ్ళు వంటింట్లో, వీధరుగు మీద మాట్లాడే తెలుగులోనే కథలు రాశారు. నీ కథలో "ఆయ్, మరేనండి" ఉంటే ఉండనీ. (అన్ని చోట్లా వద్దు. ప్రతి మాటకీ "ఆయ్" అంటే సినిమాలో గోదారోళ్ళలా ఉంటుంది.)

అందరూ ఒప్పుకునేదాకా ఆగితే ఏదీ మొదలవదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్ళో చాలామంది ఎదురు తిరిగారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేస్తే భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు. ఆయన ధైర్యం గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆవిడ మోసిన బిందెలే గుర్తుంటాయి. నీకూ అలా పక్కన నిలబడే మనిషి ఒకరు కావాలి. రాత్రి నువ్వు రాసుకుంటుంటే లైటు తీసెయ్యమనకుండా దోమల చక్రం వెలిగించి వెళ్తుందన్నావే మీ అమ్మ, ముందు ఆవిడకి చదివి వినిపించు. బాగుందా అని అడగకు. ఎక్కడ ఆవలింత వచ్చిందో అడుగు.

ఆ ఉపన్యాసం పేజీ కొట్టేసి, దాళ్వా కోతల లోపు మళ్ళీ పంపు. ఈసారి ఉత్తరం అక్కర్లేదు, కథ చాలు. అక్షరాలు కాస్త పెద్దగా రాయి, నా కళ్ళజోడు మార్చాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు