జిల్లేడు వేసి చూడండి, ఆకుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి

ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండాలి, ఈ నేల మొక్కే అయి ఉండాలి, సీతాకోకచిలుకలూ తేనెటీగలూ రావాలి అని అడిగారు. నేనైతే జిల్లేడు అంటాను. బీడులో దానంతటదే మొలిచే మొక్కను పనిగట్టుకుని పెరట్లో పెట్టడమేమిటని మా ఇంట్లోనూ నవ్వారు. ఆరేళ్లయింది, ఇప్పటికీ ఉంది.

పెంచడంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోజంతా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు అక్కర్లేదు. పెద్ద మొక్కను పెకలించి తెచ్చి నాటితే బతకడం కష్టం, తల్లివేరు లోతుగా పోయి ఉంటుంది. గింజ వేయండి, లేదా కొమ్మ కోసి, పాలు ఆరేదాకా ఒకట్రెండు రోజులు నీడలో ఉంచి గుచ్చండి.

అసలు సంగతి ఆకుల దగ్గర మొదలవుతుంది. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, అంచులో తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుకను చూసే ఉంటారు, ఇంగ్లిష్‌లో ప్లెయిన్ టైగర్ అంటారు. అది జిల్లేడు ఆకు అడుగున ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. పువ్వుల కోసం ఎన్ని మొక్కలైనా పెట్టండి, దాని పిల్లలు తినే ఆకు లేకపోతే వచ్చి తేనె తాగి వెళ్లిపోతుంది, అంతే. గొంగళిపురుగు నలుపు, తెలుపు, పసుపు చారలతో ఉంటుంది, ఒంటిమీద మూడు జతల నల్లటి కొమ్ములు. ఆకు కాడనో ఈనెనో ముందు కొంచెం కొరికి, పాల ఉరవడి తగ్గాక తింటుంది. ఆ పాలలోని విషాన్నే ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దాని జోలికి పెద్దగా రావు. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్తాను. లేత చిగుళ్లకు పసుపు రంగు పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పట్టింది. టెన్షన్ పడి మొక్కంతా వేపనూనె కొట్టాను. పేనుబంక తగ్గింది, దాంతోపాటు గొంగళిపురుగులూ పోయాయి. ఆ తర్వాత మందు అనేదే ముట్టలేదు. పైపు నీళ్లతో కడిగేస్తాను, మిగిలినవాటిని అక్షింతల పురుగులు చూసుకుంటాయి. ఒక్కోసారి గొంగళిపురుగులు ఆకులన్నీ తినేసి మొక్క మోడులా మిగులుతుంది, చూడలేరు. కంగారు పడకండి, మళ్లీ చిగురిస్తుంది.

పువ్వులకు వచ్చేది ముఖ్యంగా తుమ్మెద, పెద్ద నల్లది. జిల్లేడు పుప్పొడి పొడిలా రాలదు. చిన్న మైనపు ముద్దల్లా జంటగా ఉండి తుమ్మెద కాళ్లకు తగులుకుంటుంది, అలాగే పక్క పువ్వుకు చేరుతుంది. మీకు తేనెటీగలే ముఖ్యమైతే జిల్లేడు కన్నా ఇంట్లో ఉన్న తులసికి వెన్నులు తుంచడం మానండి. గింజ కట్టాక కత్తిరిస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను, పాలు కంట్లో పడనివ్వకండి. కొమ్మ కత్తిరించిన చేత్తో ఒకసారి కన్ను నలుముకున్నాను. నొప్పి పెద్దగా లేదు గానీ కొన్ని గంటలకు చూపు పొగమంచు పట్టినట్టయింది. కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చారు, కొన్ని రోజులకు సర్దుకుంది. కత్తిరించేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పాకే పిల్లలు ఉంటే, లేదా ఆకులు నమిలే కుక్కపిల్ల ఉంటే ఇప్పుడే వద్దు.

కాయలు పగిలితే దూదితో ఉన్న గింజలు ఎగిరి పక్కింటి కుండీల్లోనూ మొలుస్తాయి. ముదరకముందే కోసేయండి, ఒకటి రెండు మాత్రం దారం చుట్టి గింజకు ఉంచుకోండి.