కాలనీలో పాడుబడిన పార్కు స్థలాన్ని పిల్లల ఆటస్థలంగా మార్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. శ్రీకాకుళంలో మీ కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసం విడిచిన స్థలం ఏళ్ల తరబడి తుప్పలతో, చెత్తతో నిండి ఉంది. దానిని పిల్లలు ఆడుకునేలా బాగుచేయాలని మీరు కొందరు అనుకుంటుంటే, ముందు చందాలు వేసుకుని చుట్టూ ప్రహరీ కట్టిద్దామని కాలనీ పెద్దలు అంటున్నారు. పక్కనే ఖాళీగా పడి ఉన్న ఒక ప్రైవేటు ప్లాటును కూడా కలుపుకోవచ్చా అన్నది మీ రెండో సందేహం. విజయనగరంలో మేము ఉంటున్న కాలనీలో ఇటువంటి పనే చేశాము కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

ప్రహరీని చివరకు పెట్టుకోండి. ముందు కాగితం, తరువాత శుభ్రం చేయడం, ఆ సాయంత్రమే ఆట మొదలుపెట్టడం. గేటు, ఊయలలు, రంగులు, బెంచీల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. రోజూ పిల్లలు ఆడుతున్న చోట చెత్త పోయడానికి ఎవరికీ చేయి రాదు, రాత్రికి రాత్రి నాలుగు కర్రలు పాతి రేకుల షెడ్డు వేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. గోడ కట్టి తాళం వేసి వదిలేస్తే తుప్పలు లోపల మళ్ళీ మొలుస్తాయి, చెత్త గోడ మీదుగా లోపలికి పడుతుంది, కొన్నాళ్లకు తాళం చెవి ఎవరింట్లో ఉందో కూడా తెలియదు. మా ఊళ్లోనే అలాంటి పార్కులు ఒకటి రెండు చూశాను కనుక ఈ మాట గట్టిగా అంటున్నాను.

కాగితం అంటే ఆ స్థలం ఎవరిదో చెప్పే కాగితం. అది పార్కు స్థలమేనని కాలనీలో అందరూ అనుకోవడం వేరు, రికార్డులో అలా ఉండడం వేరు. ఆమోదం పొందిన లేఅవుట్‌లో 10 శాతం విస్తీర్ణాన్ని ఖాళీగా విడిచి, గిఫ్టు దస్తావేజు ద్వారా స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి ఇవ్వాలన్నది నియమం. పాత లేఅవుట్లలో కొన్నింటికి ప్లాను మీద పార్కు అని రాసి ఉంటుంది గాని దస్తావేజు మాత్రం ఉండదు. లేఅవుట్ వేసినవారి వారసులు కొన్నేళ్ల తరువాత వచ్చి ఆ స్థలం మాదేనని కూర్చోవడానికి, ప్లాట్లుగా కోసి అమ్మడానికి అవకాశం దొరికేది అటువంటి చోట్లనే. అందుచేత మీరు ఒక్క గడ్డిపరక పీకకముందే ప్లాను నకలు, దస్తావేజు నంబరు సంపాదించండి.

మా లేఅవుట్ వుడా, అంటే విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, కాలంలో ఆమోదం పొందినది. 1978లో ఏర్పడిన ఆ సంస్థ 2018లో వీఎంఆర్‌డీఏగా మారడంతో మా పాత ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పేవారే కరువయ్యారు. మేము మొదట వెళ్ళిన కార్యాలయంలో ఫైలు దొరకడం లేదన్నారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇచ్చాక అదే ఫైలు దొరికింది. 2005 నాటి ఆ చట్టం ప్రకారం 30 రోజులలో సమాధానం ఇవ్వాలి, మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము మహా అయితే 10 రూపాయలు. ఆ దరఖాస్తులో మా పార్కును ఎందుకు బాగుచేయలేదని నిలదీయకండి. ఎందుకు అన్న ప్రశ్నకు రెండు వరుసల దాటవేత తప్ప ఏమీ రాదు. సర్వే నంబరు, లేఅవుట్ పేరు రాసి, ఆమోదిత ప్లాను నకలు, గిఫ్టు దస్తావేజు నకలు కావాలని అడిగితే, ఉన్న కాగితాన్ని లేదని రాసిచ్చి సంతకం పెట్టడానికి ఎవరైనా వెనకాడతారు.

నకలు చేతికి వచ్చాక సర్వేయరు చేత కొలిపించి హద్దు రాళ్ళు పాతించండి. మా దగ్గర కొలిచినప్పుడు ఒకరి పెరటి మెట్లు, మరొకరి జామచెట్టు హద్దు దాటి లోపలికి వచ్చాయని తేలింది. మెట్లు కొట్టించాలని కుర్రవాళ్ళు పట్టుబట్టారు గాని, మెట్లు ఉండనిచ్చి, హద్దు ఫలానా చోట ఉందని ఆ ఇంటివారి చేత రాయించుకుని సంతకం తీసుకోవడం మేలని పెద్దలు తేల్చారు. అది మంచి నిర్ణయమని నేను ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే ఇప్పుడు సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుని పిల్లలను కనిపెట్టి చూసేది ఆ ఇంటి పెద్దావిడే. ‘గుంటలు గోల సేత్తే సేయనీ బాబూ, పాములు రాకపోతే సాల్దా’ అని మొదటి రోజే ఆవిడ తన పక్షం తేల్చేశారు. గుంటలంటే మా వైపు పిల్లలు.

ఈ దశలోనే మరొక ముప్పు పొంచి ఉంటుంది, అది బయటివారి నుంచి కాక కాలనీ లోపలి నుంచే వస్తుంది. స్థలం తేటపడగానే ఒకరు కమ్యూనిటీ హాలు అంటారు, మరొకరు చిన్న గుడి అంటారు, ఇంకొకరు నాయకుడి విగ్రహం అంటారు. అందరివీ మంచి ఉద్దేశాలే కావచ్చు, కానీ మూడూ కడితే బంతి వేయడానికి చోటు మిగలదు. ప్లానులో పార్కుగా చూపిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయించడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవారు కూడా మనవంటి కాలనీ వాసులే. మీ సమావేశంలో ఎవరైనా హాలు ప్రస్తావన తెస్తే ఈ తీర్పు సంగతి మర్యాదగా వినిపించండి.

తరువాత సంఘం. సొసైటీల చట్టం, 2001 కింద కనీసం 7 మంది కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. పార్కులు, ఆటస్థలాలు పురపాలక సంస్థల బాధ్యతల జాబితాలో ఉండాలని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులోనే ఉంది, కనుక మీరు కమిషనరుకు ఇచ్చే అర్జీలో స్థలాన్ని మాకు ఇమ్మని అడగనక్కర లేదు, అడగకూడదు కూడా. స్థలం మీదే, నిర్వహణ మాకు అప్పగించండి అని రాస్తే సంతకం త్వరగా పడుతుంది. వార్డు కార్యాలయంలో ఒక ప్రతి ఇచ్చి, జవాబు ఆలస్యమైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మరొక ప్రతి ఇచ్చి, రసీదు భద్రపరచండి.

ఇక శుభ్రం చేయడం. మన ప్రాంతంలో ఈ పనికి సంక్రాంతి వెళ్ళిన తరువాతి రోజులే అనువైనవి, నేల పొడిగా ఉంటుంది, వానలు రావడానికి నెలల వ్యవధి ఉంటుంది. అందరూ మొదటే జేసీబీని పిలుస్తారు. పిలవకండి. ఏళ్ల తరబడి చెత్త పోసిన నేలలో పగిలిన సీసా పెంకులు పైపొరలోనే ఉంటాయి. జేసీబీ తొట్టి ఒకసారి గీకి చదును చేస్తే అవి అడుగు లోతు వరకు కలిసిపోయి, ప్రతి వానకూ నాలుగు పైకి తేలుతూనే ఉంటాయి. మేము ముందు తుప్పలు కొట్టించి, పొద్దు వాలుతున్న వేళ పడమరకు ముఖం పెట్టి వరుసగా నిలబడి మెల్లగా నడిచాము. ఏటవాలు ఎండలో ప్రతి గాజుముక్కా తళుక్కుమంటుంది, మిట్టమధ్యాహ్నం వెతికితే అందులో సగం కూడా కంటబడవు. కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు, పక్కన ఇనుప తట్టలు ఉండాలి. పిల్లలను ఈ పనికి రానివ్వకూడదు. రాళ్ల కుప్పలను కర్రతో కదిపిన తరువాతే చేయి పెట్టాలి, కట్లపాములకు అటువంటి చోట్లు ఇష్టం. వయ్యారిభామ మొక్కలను పూత రాకముందే వేళ్లతో సహా పీకించండి. ఆ పుప్పొడితో ఒళ్ళు దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

ఏరడం పూర్తయ్యాక జేసీబీతో చదును చేయించి, నీరు కాలువ వైపు పారేలా 100 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు పెట్టించి, పైన గ్రావెల్ పరిపించి నీళ్ళు చల్లి రోలరు తిప్పించండి. మీ స్థలం పక్కన గెడ్డ (వాగు) గాని, చెరువు గర్భం గాని ఉంటే ఈ మట్టి ఒక్క తట్ట కూడా అటు జరగకూడదు. చెరువులను, ఊరుమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది, అది అలా ఉంచినా మీ వీధి వాననీరు పోయే దారి అదే.

చెత్త మళ్ళీ పడకుండా ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. పోసేవారిని తిట్టేముందు వారు ఎందుకు పోస్తున్నారో చూడండి. మా వీధిలో చెత్త బండి వచ్చే వేళకు ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్లన్నీ తాళాలు వేసి ఉండేవి, వాళ్ళు సంచి తెచ్చి దారిలో ఇక్కడ విసిరి పోయేవారు. బండి వేళ కొంచెం ముందుకు జరిపించగానే సగం సంచులు తగ్గాయి. మిగిలిన సగానికి, రోజూ పొద్దున అదే మూలలో పెద్ద ముగ్గు వేసిన ఇద్దరు అక్కలకు మేము రుణపడి ఉన్నాము.

నేల సిద్ధమైన సాయంత్రమే సున్నంతో గీతలు గీయండి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ 3 మీటర్లు వదిలినా వాలీబాల్‌కు సుమారు 430 గజాలు, అంటే 9 సెంట్లు చాలు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేర స్టేడియం పెట్టుకున్న ఊళ్లో, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లాలో, వీధి పిల్లలకు 9 సెంట్ల చోటు దొరకకపోవడం నాకైతే తలవంపులుగానే తోస్తుంది.

చిన్నపిల్లల కోసం ఇనుప జారుడుబల్లలు కొనే తొందర వద్దు. మన సముద్రపు గాలికి అవి త్వరగా తుప్పుపడతాయి, తుప్పుపట్టిన అంచు పెంకుల కన్నా ప్రమాదం. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 నుంచి మొదలుపెట్టి 700 పైచిలుకు చిన్న ఆటస్థలాలు రూపొందించాడు, వాటిలో చాలా భాగం నగరంలో ఖాళీగా మిగిలిపోయిన చోట్లే. ఆయన వాడినవి ఇసుక గుంట, ఎక్కి దూకడానికి దిమ్మెలు, వేలాడడానికి కడ్డీలు, అంతే. మేము కూడా ఒక ఇసుక గుంట, ఎత్తు తక్కువ సిమెంటు దిమ్మెలు, ఎక్కడో మిగిలిపోయిన ఒక పెద్ద సిమెంటు తూము పెట్టాము. తూము అరచేతి లోతు నేలలో దిగేలా పాతాలి, లేకపోతే దొర్లుతుంది. పాత టైర్లు వాడితే అడుగున కన్నాలు పెట్టండి, నీరు నిలిస్తే డెంగీ దోమలకు ఇల్లు కట్టించినట్టే.

చెట్ల విషయంలో ఒకే మాట: తురాయి వద్దు. 2014 హుద్‌హుద్ తుపానుకు మా వీధిలోని తురాయి చెట్లు పడిపోయాయి, వేప, కానుగ నిలబడ్డాయి. జూన్, జులైలలో అంచుల వెంట వీటినే నాటండి.

అన్నిటికన్నా కష్టమైనది వేళలు పంచుకోవడం, దీని గురించి ముందుగా ఎవరూ హెచ్చరించరు. స్థలం బాగుపడిన వారంలోనే టెన్నిస్ బంతి క్రికెట్ మొత్తం నేలను మింగేస్తుంది. పెద్ద కుర్రవాళ్ళు పది మంది ఆడుతుంటే చిన్నపిల్లలు, ఆడపిల్లలు, నడవడానికి వచ్చిన పెద్దలు నలభై మంది గోడవార నిలబడాలి. మేము క్రికెట్‌ను ఆదివారం ఉదయానికి పరిమితం చేశాము. దీనిపై నెల రోజులు అలకలు నడిచాయి గాని మేము వెనక్కి తగ్గలేదు. మిగిలిన రోజులలో పొద్దున నడిచేవారికి, నాలుగు నుంచి చిన్నపిల్లలకు, ఆ తరువాత వాలీబాల్‌కు. వారంలో మూడు సాయంత్రాలు కబడ్డీ కోర్టు అమ్మాయిలదే. అమ్మాయిలకు వేళ కేటాయించకుండా, వస్తే ఆడుకోవచ్చు అని వదిలేస్తే వాళ్ళు రారు, రాలేదు కదా అని ఆ వేళ కూడా అబ్బాయిలే తీసుకుంటారు. ఈ వేళలను గోడమీద నీలిరంగుతో పెద్ద అక్షరాలలో రాయించాము. రాత్రి తొమ్మిదికి లైట్లు ఆపేయాలన్నది కూడా అందులోనే ఉంది. అది లేకపోతే పక్క ఇళ్లవారు మీకు ఎదురు తిరుగుతారు, అందులో తప్పూ లేదు.

పక్కన ఉన్న ప్రైవేటు ప్లాటు సంగతి. యజమాని ఎక్కడో హైదరాబాదులోనో, విదేశంలోనో ఉన్నాడని అడగకుండా వాడుకోవడం మొదలుపెట్టకండి. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు భూమిని ఎవరైనా తనదిగా 12 ఏళ్లు నిరాటంకంగా, బహిరంగంగా అనుభవిస్తే యజమాని హక్కుకే ఎసరు వస్తుంది, కనుక ఏ యజమానికైనా మీ వాలీబాల్ నెట్ చూడగానే గుండె దడ పుడుతుంది. అనుమతితో జరిగే వాడకానికి ఆ చిక్కు లేదు. అందుచేత మీ సంఘమే ముందుకు వెళ్ళి, ఆ స్థలం ఫలానా వారిదేనని, వారి అనుమతితో ఆటలకు మాత్రమే వాడుకుంటున్నామని, ఏ హక్కూ కోరబోమని, శాశ్వత కట్టడం ఏదీ కట్టబోమని, నెల రోజుల నోటీసుతో ఖాళీ చేస్తామని స్టాంపు కాగితం మీద రాసి, సంతకాలు చేసి పంపండి. మా దగ్గర ఇటువంటి కాగితం అందాక ఒక యజమాని ఒప్పుకోవడమే కాక, తన ప్లాటు చుట్టూ ఉన్న ముళ్లకంచె తీయించే ఖర్చు కూడా భరించారు. ఆ ప్లాటులో మాత్రం ఎత్తి పక్కన పెట్టగలిగే నెట్ కర్రలు తప్ప దిమ్మె గాని, తూము గాని పాతకండి.