ఎనిమిదేళ్ల బాబుకు మానసిక వైద్యుల మందులా.. ఆపేయాలా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోడని టీచర్ చెబితే డాక్టర్‌కు చూపించాం. పది నిమిషాలు మాట్లాడి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, అతిగా కదులుతూ ఉండే సమస్య) అన్నారు. మిథైల్‌ఫెనిడేట్, రిస్పెరిడోన్ రాశారు. మూడు వారాలుగా వేస్తున్నాం. కాస్త కుదురు వచ్చింది కానీ లంచ్‌బాక్స్ ముట్టకుండా తెచ్చేస్తున్నాడు. ఈ మందులు మెదడును పాడు చేస్తాయని, అలవాటైపోతాయని బంధువులంటున్నారు. మానేయమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ముఖ్యంగా రిస్పెరిడోన్ ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, చిరాకు పెరగడం జరగొచ్చు. అలాగని ఏమీ అడగకుండా వేస్తూ పొమ్మనీ చెప్పను.

మీరు రాసినదాంట్లో నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఆ పది నిమిషాల పరీక్ష. ఏడీహెచ్‌డీని రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేల్చలేం. లక్షణాలు 12 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 నెలలుగా ఉండి, బడిలోనే కాక ఇంట్లోనో మరోచోటో కూడా కనిపించాలి. అంటే తల్లిదండ్రులతో మాట్లాడాలి, టీచర్ ఏం గమనించారో తెలుసుకోవాలి, పిల్లాడితో కూర్చోవాలి. బోర్డు మీద రాసింది కనిపించకపోయినా, చెవి సరిగ్గా వినపడకపోయినా, రాత్రి గురకతో నిద్ర చాలకపోయినా, చదవడమే కష్టంగా ఉన్నా, తోటిపిల్లలు ఏడిపిస్తున్నా పిల్లలు క్లాసులో ఇలాగే అస్థిమితంగా ఉంటారు. మీ బాబు విషయంలో ఇవన్నీ చూశారా? చూడకపోతే ఇప్పుడైనా చూపించండి.

మిథైల్‌ఫెనిడేట్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 6 ఏళ్లు దాటిన పిల్లలకు చాలా దశాబ్దాలుగా వాడుతున్న మందు. చెప్పిన మోతాదులో, మీ చేత్తో మీరే ఇస్తే మెదడు పాడవుతుందని, బానిసవుతాడని భయపడొద్దు. ఆకలి తగ్గడం మాత్రం నిజమే. లంచ్‌బాక్స్ అలాగే వెనక్కి రావడానికి అదే కారణమై ఉండొచ్చు. పొద్దున కడుపునిండా తిన్నాక మాత్ర వేయండి, సాయంత్రం మందు ప్రభావం తగ్గి ఆకలేసినప్పుడు గట్టిగా పెట్టండి. బరువు, ఎత్తు, బీపీ, నాడి క్రమం తప్పకుండా చూపించాలి.

రిస్పెరిడోన్ ఎందుకు రాశారో మాత్రం తప్పకుండా అడగండి. ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకుకు అమెరికాలో 2006లో దీన్ని ఆమోదించారు. విపరీతంగా కొట్టడం, గాయపరుచుకోవడం లాంటివి ఉంటే ఇతర పిల్లలకూ వాడతాం. కుదురు లేదన్న ఒక్క కారణానికి రాసే మందు కాదిది. బరువు, షుగర్, కొలెస్ట్రాల్, ప్రొలాక్టిన్ హార్మోను పెరగొచ్చు. పైగా రెండు మందులూ ఒకేసారి మొదలుపెడితే గుణం దేనివల్ల వచ్చిందో, ఇబ్బంది దేనివల్లో తెలుసుకునేదెలా? అవసరం లేదని తేలితే డాక్టరే మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు.

సరైన జవాబు రాకపోతే పిల్లల మానసిక వైద్య నిపుణులను కలవండి. చీటీ, మాత్రల అట్టలు, టీచర్ రాసిచ్చిన కాగితం వెంట తీసుకెళ్లండి. పిల్లాడితో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పే శిక్షణ గురించీ అడగండి, మందుతోపాటు అదీ కావాలి. ఈలోగా స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి అన్నా, మెడ బిగుసుకుపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, చచ్చిపోతానంటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.